నాంచారమ్మ ఒక్కపొద్దులు

లైప్‌జిగ్,
23 ఫిబ్రవరి 2026

ఈశ్వరా,

మాట నోట్లో ఉండగానే నువ్వు ఫోను పెట్టేశావు. ఇక నీతో ఫోనులో మాట్లాడేది లేదు. కాగితాన్ని అలా పెట్టేయలేవు. చించేసినా చదివే చించుతావు, నీ సంగతి నాకు తెలుసు.

రాసేది నీ చెల్లెలు వైశాలి, చెప్పేది నేను. నాకు అక్షరం రాదు గదా అని ఇది నా మాటలకు పంచదార అద్దుతుందేమోనని, ప్రతి పది వాక్యాలకూ చదివించుకుని వింటున్నాను. కూర్చుని చెప్పమంటుంది. కూర్చోలేను. వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి తిరుగుతూ చెబుతున్నాను. ఇది అట్ట పట్టుకుని నా వెంట తిరుగుతోంది. బయట మంచు. సాయంత్రమయ్యేకొద్దీ కాళ్ళు ఒక్కచోట నిలవవు.

రంజాన్ ఉపవాసాలు ఉంటున్నానని నీకెవరో చెప్పారు. నిజమే. ఇవాళ్టికి ఐదు. ఎందుకో నన్నడక్కుండా కేకలేశావు. ఇప్పుడు విను.

రుచిత బడిలో పిల్లల చేత పరుగులు పెట్టించారు. పందెం కాదు. ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ ముందే కాగితం మీద రాసిస్తారు, బిడ్డ తిరిగే చుట్టుకు ఇంత అని. ఆ డబ్బు ఇళ్ళల్లో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళు పిల్లలతో తలదాచుకునే ఇంటికి పోతుంది. అక్కడ పడకలు చాలడం లేదట. నీ మేనకోడలు ఇరవై రెండు చుట్లు తిరిగి, ముఖం దానిమ్మపండులా చేసుకుని వచ్చింది. నేను బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. కూర్చుని చూడటం నాకెంత చేతనవునో నీకు తెలుసు.

నా పక్కన ఎమినె ఉంది. మన కింది వాటాలో ఉండే టర్కీ ఆవిడ, నా ఈడుదే. ఆమె ఏదో చెబితే రుచిత నాకు తెలుగులో చెప్పింది.

“అవ్వా, ఆంటీకి కూడా క్నీ పెయిన్ అంట. గురువారం నుంచి రంజాన్ గదా, తను ఫాస్టింగ్ ఉంటుందంట. ఒక్కో రోజుకి ఇంత అని వాళ్ళ కొడుకులు ఈ ఇంటికే ఇస్తారంట.”

“నేనూ ఉంటానని చెప్పు.”

“నువ్వు ముస్లిం కాదు గదా అవ్వా!”

“ఒక్కపొద్దులు నాకు కొత్తా? ఇన్నేళ్ళూ ఏకాదశులన్నీ ఎవరున్నారే, మీ తాతా?”

అదీ జరిగింది. ఎమినె వాళ్ళ సంఘం కాగితంలోనే నా పేరూ ఎక్కించారు. మూడో అంతస్తు ముసలాయన, రుచిత టీచరమ్మ, మీ బావ ఆఫీసువాళ్ళు రోజుకింత అని రాసిచ్చారు. ఇక్కడ టెర్మిన్ అంటారు, డాక్టరమ్మ దగ్గర ముందే వేళ తీసుకుని చూపించుకున్నాను కూడా. మోకాళ్ళ నొప్పి కాక నాకున్నది బీపీ ఒక్కటే. మాత్రను సాయంత్రానికి మార్చింది, తల తిరిగితే ఆ క్షణమే మానెయ్యమంది. సరేనన్నాను.

నువ్వేం చెప్పినా వింటాను, మానమని తప్ప.

నీ తల్లి నాంచారమ్మ
(కాటుకతో వేలిముద్ర వేసింది అన్నా. నువ్వు నవ్వొద్దు. – వైశాలి)


బెర్లిన్,
26 ఫిబ్రవరి

అమ్మా,

నేను ఫోను పెట్టేయలేదు. యూ-బాన్ రైలు సొరంగంలోకి వెళ్ళింది, సిగ్నల్ పోయింది. బయటికొచ్చాక ఏడుసార్లు చేశాను. నువ్వు ఎత్తలేదు. ఉత్తరం చూసి మొదట కరెంటువాళ్ళ నోటీసనుకున్నాను. మన ఇంట్లో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే కాలం మళ్ళీ వస్తుందనుకోలేదు.

కోపం లేకుండా రాస్తున్నాను. నీకు డెబ్బై ఏళ్ళు. పొద్దున ఐదింటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా లేకుండా ఉండటం ఏకాదశి కాదు. పడిపోతే? నీది విజిటర్ ఇన్సూరెన్సు. అది దేనికి పనికొస్తుందో, దేనికి రాదో చదివితే నాకే కళ్ళు తిరిగాయి.

ఇంకో సంగతి. నువ్వూ ఆ టర్కీ ఆవిడా ఖర్జూరం తింటున్న వీడియో రుచిత ఎవరికో పంపింది. అది తిరిగి తిరిగి ఇక్కడి మన తెలుగువాళ్ళ గ్రూపులోకొచ్చింది. “మీ అమ్మగారు మతం పుచ్చుకున్నారా?” అని ముగ్గురు అడిగారు. నవ్వి ఊరుకున్నాను. ఎన్నిసార్లు నవ్వను?

నీకు కావలసింది ఆ ఇంటికి డబ్బు చేరడమే కదా. మొత్తం అన్ని రోజులదీ నేనొక్కణ్ణే రేపే పంపిస్తాను. నువ్వు అన్నం తిను.

ఆదివారం మా గ్రూపులోని వాసుదేవరావుగారింట్లో సత్యనారాయణ వ్రతం. నలభై మంది వస్తారు. నువ్వు వచ్చి పీట దగ్గర కూర్చుంటే అడిగేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. నీ కోడలు మీనాక్షి నీకోసం పట్టుచీర తీసి పెట్టింది. ఆ ఒక్కరోజు నా మాట విను.

ఈశ్వర్


బెర్లిన్,
2 మార్చి

అమ్మా,

నిన్న స్టేషనుకు రాలేదని అనుకుని ఉంటావు. వస్తే అక్కడ అందరి ముందూ అరిచేవాణ్ణి.

తీర్థం ఇస్తే నోట్లో పోసుకోకుండా తలమీద చల్లుకున్నావు. సరే అనుకున్నాను. ప్రసాదం పెడితే? కళ్ళకద్దుకున్నావు, అటు తిరిగావు, తినలేదు. వాసుదేవరావుగారి భార్య నీ చేతి వంకే చూస్తూ నిలబడింది. తరువాత చూస్తే నీ చెయ్యి ఖాళీ. ఎక్కడ పారేశావు? ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుందని మీనాక్షి చెప్పింది. ఆ కథ విన్నవాళ్ళెవరైనా ప్రసాదం వదిలేసి వెళతారా? గుమ్మంలోనే ఒకాయన అన్నాడు, “మనకెందుకులే సార్, ఎవరి నమ్మకం వాళ్ళది.” ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఒక్కరోజు అడిగాను. అదీ ఇవ్వలేదు.

నీ టికెట్టు ఏప్రిల్ పది నుంచి మార్చి పదమూడుకు మార్చాను. కడపలో అయితే నీ ఇష్టం. ఇక్కడ నువ్వు నా పూచీ మీద ఉన్నావు.

ఈశ్వర్


లైప్‌జిగ్,
4 మార్చి

ఈశ్వరా,

పారేశానా?

వైశాలీ, ఆ మాట పెద్ద అక్షరాలతో రాయవే. పెద్ద అక్షరాలు తెలుగులో ఉండవట. అయితే రెండుసార్లు రాయి. పారేశానా? పారేశానా?

ప్రసాదం తినకుండా పరుగెత్తినావిడ మొగుడి పడవ మునిగిపోయిందని ఆ పంతులు అరగంట చదివాడు. నీకంటే నేనే బాగా విన్నాను, నువ్వు ఫోను చూసుకుంటున్నావు. ప్రసాదాన్ని కొంగున ముడేసుకున్నాను. మీనాక్షి ఇచ్చిన పట్టుచీర కొంగున. నెయ్యి మరక పడింది, కడిగినా పోలేదు, ఆ పిల్లకు నా మీద కోపం వస్తే న్యాయమే. రైల్లో విట్టెన్‌బర్గ్ దాటాక రుచిత ఫోను చూసి “టైమ్ అయింది అవ్వా” అంది. ముడి విప్పాను. ఆ రోజు నా నోట్లో మొదట పడింది సత్యనారాయణస్వామి ప్రసాదం. నీళ్ళు కూడా తరువాతే. మీ బావకూ రుచితకూ తలా కాస్త పెట్టి, ఎదుటి సీటులో ఉన్న పిల్లకూ పెట్టాను. ఆ పిల్ల “డాంకె” అని థాంక్సు చెప్పి వేలు నాక్కుంది.

ఆ ఇంటావిడకు చెప్పి చేయాల్సింది. ఆ తప్పు నాదే. అందరూ నన్ను మ్యూజియంలో బొమ్మను చూసినట్టు చూస్తుంటే ఎవరితో ఏం చెప్పను? వైశాలి అప్పుడే నీకు ఫోను చేస్తానంది. చెప్పాల్సింది నేనని ఆపాను. నువ్వు అడుగుతావనుకున్నాను. నువ్వు టికెట్టు కొన్నావు.

నీ డబ్బు సంగతి. రుచిత పరుగెత్తకుండా నువ్వు ఇరవై రెండు చుట్ల డబ్బు ఇస్తే ఆ పిల్ల పరుగెత్తినట్టవుతుందా? డబ్బివ్వాలనుంటే ఇవ్వు, చేతులు పట్టుకునేదెవరు? నా ఆకలిని మాత్రం నువ్వు కొనలేవు.

మతం పుచ్చుకున్నానా అని అడిగినవాళ్ళకు నా పేరు చెప్పు. నాంచారమ్మ. ఎవరి పేరది? వెంకన్నను కట్టుకున్న బీబీ నాంచారిది. ఉగాది పొద్దున దేవుని కడపలో సాయిబులు టెంకాయలు పట్టుకుని వరసలో నిలబడి, మా ఇంటి అల్లుడని స్వామికి మొక్కి పోవడం నిన్ను చంకనేసుకుని చూపించాను. ఇన్ని చదువులు చదివి అది మరిచావా?

పదమూడో తారీకు విమానంలో నా సీటు ఖాళీగా పోతుంది. దాంట్లో నీ బ్యాగు పెట్టుకో.

నాంచారమ్మ
(వేలిముద్ర వేయనంది. కోపంగా ఉన్నప్పుడు వేస్తే ఒప్పుకున్నట్టట. – వై.)


బెర్లిన్,
7 మార్చి

అమ్మా,

కొంగున ముడేశావని నాకు తోచనే లేదు. క్షమించు. మీనాక్షి వెంటనే వాసుదేవరావుగారి భార్యకు ఫోను చేసి చెప్పింది. ఆవిడ “రైల్లో తినిందా, నా ప్రసాదమే మొదట తినిందా” అని రెండుసార్లు అడిగిందట. చీర సంగతి మీనాక్షికి పట్టలేదు.

కానీ టికెట్టు విషయంలో నా మాట మారదు. నువ్వు బలంగా ఉన్నానంటావు. వైశాలి మొన్న నోరు జారింది, నువ్వు మధ్యాహ్నాలు గోడ పట్టుకుని నడుస్తున్నావని. నువ్వు ఎందుకింత పట్టుపడుతున్నావో నాకు నిజంగా అర్థం కావడం లేదు. పరాయి ఊరు, పరాయి ఆడవాళ్ళు, పరాయి ఒక్కపొద్దు. నాన్న ఉంటే నిన్ను ఒక్కరోజు కూడా ఉండనిచ్చేవాడు కాదు. నాన్న మాటను నువ్వెప్పుడైనా దాటావా? ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి, ఒక్కరి దగ్గర మాట పడకుండా బతికిన మనిషి. కనీసం ఆయన పేరు తలుచుకుని మానెయ్యి.

గురువారం నేను వచ్చి తీసుకెళతాను. శుక్రవారం విమానం.

ఈశ్వర్


లైప్‌జిగ్,
9 మార్చి

నాయనా ఈశ్వరా,

ఇవాళ పంతొమ్మిదో ఒక్కపొద్దు. ఈ ఉత్తరం చెప్పాలా వద్దా అని పొద్దున్నుంచి ఇంట్లో ఎన్ని చుట్లు తిరిగానో రుచిత లెక్కపెట్టి ఉంటే బడికి ఇంకొంచెం డబ్బొచ్చేది. గోడ పట్టుకుంటున్నది కళ్ళు తిరిగి కాదు. ఈ ఇంటి చెక్క నేల నున్నగా ఉంటుంది, మేజోళ్ళతో జారుతుంది. నాకు కొత్త.

మీ నాన్న పేరు ఎత్తావు. ఎత్తకుండా ఉంటే చెప్పేదాన్ని కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నీ దగ్గర ఆయన ఫొటో ఉంది, రోజూ దండం పెడతావు. పెట్టు. వద్దనను.

నీకు నాలుగేళ్ళప్పుడు చెన్నూరులో ఉన్నాం. నాకు ఆరో నెల. గాజుల ఖాదర్‌బీ మన వీధికి వచ్చింది. గాజులు ఎక్కించాలంటే చెయ్యి పట్టుకుని, మణికట్టు మెత్తగా పిసకాలి గదా. పిసకబోయి ఆగింది. ముంజేతి మీద ఐదు వేళ్ళూ నల్లగా ఉన్నాయి. ఎవరివని అడగలేదు. రెండో చెయ్యి తిప్పి చూసింది. తరువాత మెల్లగా, “నా ఇల్లు పాత కడపలో మసీదెనకాల. తలుపుకు గొళ్ళెం లేదు బిడ్డా” అంది. గాజులకు డబ్బులు తీసుకోకుండా పోయింది.

ఇంకో పది రోజులకు నిన్నెత్తుకుని బయలుదేరాను. బస్సెక్కలేదు. ఆ దారిలో కండక్టర్లందరూ ఆయన స్నేహితులే, ఎక్కడ దిగానో సాయంత్రానికి తెలిసిపోతుంది. చెన్నూరు నుంచి కడప దాకా నడిచాను. రోహిణి ఎండలు. నువ్వు దారంతా పాట పాడావు.

ఆ మరునాడే వాళ్ళకు రంజాన్ నెల పట్టింది. ఒక్క గది ఇల్లు. ఆమె తెల్లవారకముందే తిని, ఇక మాపటిదాకా గుటక కూడా మింగేది కాదు. ఆ ఎండలో గాజుల బుట్ట ఎత్తుకుని ఊళ్ళు తిరిగి, మధ్యాహ్నం నాకోసమే ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. తను పచ్చి నీళ్ళు ముట్టకుండా నాకు అన్నం వండి, ఎదురుగా కూర్చుని తినిపించింది. నేను తిననంటే, “నాకు ఒక్కపొద్దు. కడుపులో ఉండేదానికి ఒక్కపొద్దు ల్యా. తిను” అని గదమాయించేది. పెదవులు పగిలి ఉండేవి. ఒక పూట కాదు. పంతొమ్మిది రోజులు.

(అన్నా, ఇక్కడ నేను రాయలేక లేచి వెళ్ళాను. కడుపులో ఉన్నది నేనే గదా. అమ్మ నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది. “ఏడుపు తరువాత, ముందు రాయి” అంది. – వైశాలి)

పంతొమ్మిదో రోజున ఇంటికి పోయాను. ఖాదర్‌బీ నెల పూర్తి చేసుకుంది. నేను చూడలేదు. మరో రెండేళ్ళకు ఆమె పోయిందని విన్నాను. ఆమెకు ఒక్క మెతుకు కూడా తిరిగి పెట్టలేదు.

బడిలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ ఇల్లు ఎలాంటి ఆడవాళ్ళదో రుచిత చెప్పగానే నాకు ఆమె పగిలిన పెదవులు కనబడ్డాయి. నువ్వు పరాయి ఒక్కపొద్దు అన్నావు. నేను తిన్న పంతొమ్మిది రోజుల అన్నం అది. అప్పుడు సగంలో లేచిపోయాను. ఈసారి పోను. ఎత్తుకుపోవాలంటే గురువారం వచ్చి ఎత్తుకుపో. నేను బరువుంటాను.

అమ్మ


బెర్లిన్,
12 మార్చి

అమ్మా,

ఇవాళ గురువారం. నేను రాలేదు. టికెట్టు మళ్ళీ ఏప్రిల్ పదికి మార్చాను.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాకు ఇరవై ఏళ్ళప్పుడు, ఇంజనీరింగ్ హాస్టలుకు పంపేటప్పుడు, నాన్న నాతో ఒక మాట చెప్పాడు. “మీ అమ్మ ఒకసారి మతి చెడి నిన్నెత్తుకుని ఇల్లొదిలి పోయింది. నేనే వెతికి తెచ్చుకున్నా. జాగ్రత్తగా చూసుకో, మళ్ళీ పోతుంది.” అంతే. ఎందుకు పోయావో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నిన్నూ అడగలేదు. అప్పటి నుంచి నువ్వు ఏ పక్కింటికి వెళ్ళి ఆలస్యం చేసినా, ఫోను ఎత్తకపోయినా, నాకు అదే భయం. ఏడుసార్లు ఫోను చేసింది అందుకే. టికెట్టు కూడా అందుకేనేమో. నాకే తెలియదు.

నాన్న ఫొటో ముందు ఇవాళ నిలబడ్డాను. దండం పెట్టలేదు, తీసేయనూ లేదు. ఏం చేయాలో తెలియక స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాను. మీటింగులో ఎవరేమన్నారో ఒక్క మాట గుర్తులేదు.

ఒక్కటి అడగనా? కోపం తెచ్చుకోకు. అన్నం పెట్టే మనిషి ఉంది, తలుపు తీసి ఉంది. ఆ ఇంటి నుంచి ఎందుకు తిరిగొచ్చావు?

వాసుదేవరావుగారి భార్య ఆ ఆడవాళ్ళ ఇంటికి బియ్యం, పప్పు పంపాలనుకుంటోంది. స్వయంగా వెళ్ళి ఇస్తానంటోంది. అడ్రసు అడిగింది.

ఈశ్వర్


లైప్‌జిగ్,
16 మార్చి

ఈశ్వరా,

ముందు ఆ తల్లికి జవాబు. ఆ ఇంటి అడ్రసు నాకు తెలియదు. టీచరమ్మకు తెలియదు. ఎమినెకూ తెలియదు. నేనూ చూపించమనే అడిగాను. ఎవరికీ చెప్పరట. బియ్యమైనా, డబ్బైనా ఆ ఇల్లు నడిపే సంఘం ఆఫీసులో ఇస్తే వాళ్ళే చేరుస్తారు. బోర్డు ఉండదట, పిల్లలు బడిలో కూడా వీధి పేరు చెప్పకూడదట. మొదట నాకు కోపమొచ్చింది, ఇదేం దానం, ముఖమన్నా చూపించరా అని. తరువాత, ఆ ఇల్లు ఎవరి నుంచి దాస్తారో రుచిత చదివి చెప్పింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు లేచి వెళ్ళి తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకున్నాను.

ఎందుకు తిరిగొచ్చావని అడిగావు. నలభై రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు. అడగరులే అనుకున్నాను.

మీ నాన్నకు తలుపు తెలిసింది. గాజుల బుట్ట మన వీధికి రావడం మానేసిందని ఎవరో అన్నారట, దాన్ని పట్టుకుని అడుగుతూ వచ్చాడు. ఖాదర్‌బీ ఇంట్లో లేదు, ఊళ్ళ మీద ఉంది. నేను లోపల బియ్యం ఏరుతున్నాను. ఆయన నన్ను పిలవలేదు, తిట్టలేదు, లోపలికి కూడా రాలేదు. నువ్వు గడపలో గాజుముక్కలతో ఆడుకుంటున్నావు. నిన్నెత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని వెనక్కి తిరిగి నడిచాడు. వెనక్కి చూడలేదు. చూడాల్సిన పని లేదని ఆయనకు తెలుసు.

చేట కింద పెట్టి వెంట నడిచాను. అంతే. ఖాదర్‌బీకి చెప్పి రావడానికి కూడా లేదు.

నువ్వు ఆయన భుజం మీద నవ్వుతున్నావు. మీ నాన్నను చూసి ఇరవై రోజులైంది మరి, సంతోషపడ్డావు. నాలుగేళ్ళవాడివి. నీ తప్పేముంది అందులో? ఏమీ లేదు. నేను వేయిసార్లు అనుకున్న మాట ఇది, ఇవాళ కొత్తగా అంటున్నది కాదు. అయినా నువ్వు కనబడినప్పుడల్లా ముందు ఆ వీపూ, దానిమీద నీ తలా నా కళ్ళముందుకొస్తాయి. నీతో నేను కసురుకుంటూ మాట్లాడేది దానికేనేమో. మంచిదాన్ని కానని ఎవరైనా అంటే కాదనను.

మతి చెడలేదు. అది మాత్రం రాసి పెట్టుకో.

ఉగాది గురువారం. ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు కూడా ఆ రోజే, ఆఖరిది. వైశాలి వాళ్ళు పొద్దునే పచ్చడి తింటారు. నా వంతు సాయంత్రం ఆరూ ఇరవై దాకా మూత పెట్టి ఉంచుతారు. వేపపువ్వు ఈ ఊళ్ళో దొరకలేదు, కాకరకాయ వేద్దామంటోంది, ఏదో ఒకటి. ఎమినె కూడా పైకి వస్తుంది, దానికి చేదు తినిపించాలని రుచితకు మహా సరదాగా ఉంది.

ఇది రాయిస్తుంటే వైశాలి కలం పెట్టేసి, “అన్న బాధపడతాడమ్మా, ఆ భుజం సంగతి తీసేద్దాం” అంది. వద్దన్నాను. అడిగినవాడికి చెప్పాలి.

కాసేపు బాధపడు. పడ్డాక సెలవు పెట్టి, గురువారం ఆరు గంటలకల్లా రా.

అమ్మ
(వేలిముద్ర వేసింది. – వై.)